దానియేలప్పను కూర్చోబెట్టడం

కొత్తగా పాస్టరు గౌను కుట్టించుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందే చెప్పేస్తున్నాను. ఇది నా సేవా చరిత్ర కాదు. ఏ ఊరి గుడికి స్లాబు వేయించానో, ఏ కమిటీలో ఏ పదవి దక్కిందో ఇందులో వెతక్కండి. అవన్నీ శిలాఫలకాల మీద చెక్కించి ఉన్నాయి, నా ఇంటిపేరులో అచ్చుతప్పుతో సహా. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో పాస్టరుగా నేను చేసిన అసలు పని ఏమిటంటే, పరుగెత్తే జనాన్ని పట్టుకొని దేవుని ముందు ఊరికే కూర్చోబెట్టడం. జీతం తక్కువ, పని మాత్రం చచ్చేంత.

మనవాళ్లకు ఉచితమంటే అనుమానం. మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఎవడైనా ఊరికే ఇస్తే అడుగున కుళ్లిందేమోనని తిప్పి చూస్తారు. కృపను కూడా అట్లాగే తిప్పి చూస్తారు. "ప్రభువు అంతా చేసేశాడు, నువ్వు తీసుకో, అంతే" అని చెప్పండి. "సరే అయ్యగారూ, మరి నేను ఏం చేయాలి?" అంటారు. ఈ ప్రశ్నతో నన్ను అందరికంటే ఎక్కువగా ఏడిపించినవాడు పుంగనూరు సంఘ పెద్ద దానియేలప్ప. ఆయన కథే చెబుతాను. దానికి ముందు నాకు పని నేర్పిన ఒక నిద్రమొహం గురించి నాలుగు మాటలు చెప్పాలి.

మదనపల్లె: పడుకోవడం నేర్పిన పెద్దయ్య

తొంభైల మొదట్లో నన్ను మదనపల్లెలో ఒక పెద్ద పాస్టరు కింద వేశారు. మేమంతా ఆయన్ని పెద్దయ్య అనేవాళ్లం. మధ్యాహ్నం భోజనం కాగానే లుంగీ బిగించి, మొహం మీద తువ్వాలు కప్పుకొని వసారాలో మంచం మీద పడుకునేవాడు. పక్కన పిడుగు పడినా లేచేవాడు కాదు.

నేనేమో సైకిలెక్కి పొద్దున్నించి ఊరంతా తిరిగేవాణ్ణి. జబ్బుపడ్డవాళ్లు, అలిగినవాళ్లు, అలిగినట్టు నటించేవాళ్లు, అందరిళ్లకూ పోయేవాణ్ణి. ఒకనాడు కమిటీలో ఇద్దరు కొట్టుకునేదాకా వచ్చారని ఆయన్ని తట్టి లేపాను.

"సంఘం కాలిపోతాందా?" అన్నాడు తువ్వాలు తీయకుండానే.

"లేదయ్యా."

"అయితే నువ్వు కాలిపోతాండావు. పోయి పండుకో."

నాకు ఒళ్లు మండింది. సాయంత్రం టీ తాగుతూ ఆయనే మాట మొదలుపెట్టాడు. "ఒరే, దేవుడు ఆదామును ఆరోదినం సేసినాడు. ఆ మరసనాడు ఏ దినం?"

"విశ్రాంతి దినమయ్యా."

"అంటే ఆదాముకు మొదటి దినమే సెలవు. వాడు ఇంగా పార పట్టలేదు, పని మొదలే పెట్టలేదు. ముందు సెలవు, తర్వాత పని. యే ఆఫీసులో ఇస్తార్రా అట్ల? ఇది తలకెక్కకుండా నువ్వు ఊరంతా తిరిగితే సైకిలు టైర్లు అరిగిపోతాయి, అంతే."

నిజం చెప్పుకోవాలి కదా, పెద్దయ్యలో బద్ధకం కూడా కొంత ఉండేది. ఎవరైనా చనిపోయారంటే తప్ప ఇల్లు కదిలేవాడు కాదు. అయితే ఆయన దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు తేలికపడి వెళ్లేవాళ్లు. నా దగ్గరికి వచ్చినవాళ్లు మరో రెండు బాధ్యతలు నెత్తిన పెట్టుకొని వెళ్లేవాళ్లు. ఆ తేడా ఏమిటో నాకు తెలియడానికి పుంగనూరు పోవాల్సి వచ్చింది.

పుంగనూరు: కూర్చోని మనిషి

దానియేలప్ప బస్టాండులో టైం కీపరుగా చేసి రిటైరయ్యాడు. భార్య లేదు. ఒక్కతే కూతురు, కుప్పంలో ఇచ్చారు. ఆయనకు గుడే ఇల్లు. తలుపు తీసేది ఆయనే, గంట కొట్టేది ఆయనే, చాపలు పరిచేది, మైకు సరిచేసేది, ఆరాధనలో కునికేవాళ్లను దగ్గి లేపేది కూడా ఆయనే. తను మాత్రం వెనక స్తంభం పక్కన నిలబడే ఉండేవాడు. ఆరాధన మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఆయన కూర్చోవడం నేను చూడలేదు.

"కూర్చోవయ్యా దానియేలప్పా, కాళ్లు నొప్పి పుట్టవా?" అని ఒకరోజు అడిగాను.

"దేవుడు సూసేటప్పటికి నేను పనిలో ఉండల్లయ్యా. ఊరికే కూసోనుంటే ఏమనుకుంటాడు?"

నవ్వొచ్చింది. ఇంటికి పోయి మా ఆవిడ సుగుణతో చెబితే ఆమె నవ్వలేదు. "పాపం, ఆయనకు దేవుడంటే చెకింగు ఇన్‌స్పెక్టరేమో" అంది. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. ఆ మనిషి నిజంగానే భయపడుతున్నాడు. రోజూ, పొద్దున లేచినప్పటి నుంచీ. ఈ భయంతోనే ముసలివాడై, ఈ భయంతోనే పోతాడా అనిపించింది. ఎట్లాగైనా ఈయన్ని కూర్చోబెట్టాలని ఆరోజే అనుకున్నాను.

భయపడేవాడు తానొక్కడే భయపడితే పోనీ అనుకోవచ్చు. పదిమందికీ పంచిపెడతాడు. ఆయన పంచిన భయం సారమ్మ వాటాకు వచ్చింది.

సారమ్మ పాలు పోసుకొని బతికే మనిషి. రెండు జెర్సీలు, ఒక పుంగనూరు పొట్టి ఆవు. ఆ పొట్టిదానికి పాలు తక్కువ, పొగరెక్కువ. క్రైస్తవుల ఇళ్లన్నిటికీ పాలు ఆమే పోసేది. నెలకొకసారి మా గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు భోజనం ఉంటుంది. మేం దాన్ని బల్ల అంటాం. ఆ సమయానికి సారమ్మ చెంగు సర్దుకొని మెల్లగా బయటికి వెళ్లిపోయేది. దూడను కట్టేయాలనేది. దూడ ఎప్పుడూ సరిగ్గా బల్ల సమయానికే తాడు తెంపుకుంటుందా అని నాకు అనుమానమొచ్చి అడిగాను.

"ఆదివారం విశ్రాంతి దినమంట, ఆ పొద్దు పాలు పిండేవాళ్లు బల్లకు రాకూడదంట కదయ్యా. దానియేలప్ప సెప్పినాడు. ఆవుకు ఆదివారం తెలీదే, పొదుగు సలపరిస్తాది, అరస్తాది. నేనేం సేయల్ల?"

"ఎన్నాళ్లయింది బల్ల తీసుకొని?"

కళ్లు తుడుచుకొని, "మా అమ్మ పోయినప్పుడు కూడా తీసుకోలేదయ్యా" అంది.

కాఫీ లేని ఆదివారం

నాకు కోపమొచ్చింది, కోపంతో పాటు ఒక కొంటె ఆలోచనా వచ్చింది. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు మీరు ఏ పనీ చేయకండి. నేను చేశాను.

సారమ్మను పిలిచి, "వచ్చే బల్ల ఆదివారం నువ్వు పాలు పిండు. క్రైస్తవుల ఇళ్లకు మాత్రం ఒక్క చుక్క పోయొద్దు. ఎవరడిగినా అయ్యగారు విశ్రాంతి తీసుకోమన్నారని చెప్పు" అన్నాను.

"మరి పాలేం సేయల్లయ్యా?"

"దూడలకు వదిలెయ్."

"అన్ని తాగితే దూడలకు పారుకుంటాదయ్యా! మీకేం తెలుసు?" అని నన్ను కసిరి, "టీ అంగడి గంగులప్పకు పోస్తాలెండి" అంది. ఆమె మొహంలో కూడా కొంచెం కొంటెతనం కనిపించింది.

ఆ ఆదివారం తెల్లారింది. మా ఇంట్లోనే మొదటి దెబ్బ నాకు తగిలింది. ఈ సంగతి నేను సుగుణకు చెప్పలేదు. ఖాళీ గిన్నె నా ముందు టంగున పెట్టి, "మీ ప్రసంగాన్ని వేడి చేసుకొని తాగండి" అంది. వీధి చివర గంగులప్ప అంగడి దగ్గర మా సంఘమంతా తెల్ల బట్టల్లో గుంపుగా నిలబడింది. "ఏమప్పా, ఈ పొద్దు మీ ఆరాధన నా అంగట్లోనా?" అని గంగులప్ప ఒకటే నవ్వు. వాళ్లు తాగేది సారమ్మ పాలతో కాచిన టీయేనని వాళ్లకెవరికీ తెలియదు.

దానియేలప్ప మాత్రం అంగడికి రాలేదు. ఆదివారం కొని తినడం ఆయన నియమానికి విరుద్ధం. కాఫీ లేక తలనొప్పితో కణతలు నొక్కుకుంటూ స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి లోలోపల భలే సంతోషపడ్డాను. పాపిష్టి సంతోషం.

ప్రసంగమయ్యాక బల్ల దగ్గర నిలబడి అడిగాను. "ఈ పొద్దు ఇంట్లో కాఫీ లేనివాళ్లంతా చేతులెత్తండి." చేతులన్నీ లేచాయి. "ప్రతి ఆదివారం మీరు తాగే పాలు ఏ రోజు పిండినవి? పిండినామెకు పాపమైతే తాగినవాళ్లకు పుణ్యమా?"

ఇప్పుడు దానియేలప్ప తలదించుకుంటాడు, సారమ్మ లేచి వస్తుంది, నేను కళ్లు తుడుచుకుంటాను. ఇదీ నా లెక్క.

దానియేలప్ప తల దించుకోలేదు. "నిజమేనయ్యా. నేనూ పాపం సేసినట్టే. నాకూ బల్ల వద్దు" అని చెప్పి బయటికి నడిచాడు. ఆయన వెనక ఒకరు, వాళ్ల వెనక ఇంకొకరు. ఆదివారం కాఫీ తాగని క్రైస్తవుడు పుంగనూరులో ఎక్కడ దొరుకుతాడు? చివరికి గుడిలో మిగిలింది నేను, సుగుణ, ఊహ తెలియని పసిపిల్లలు. సారమ్మ కూడా ఆ గుంపులోనే వెళ్లిపోయింది, తనవల్లే ఇదంతా జరిగిందని ఏడుస్తూ. పళ్లెం నిండా రొట్టె అట్లాగే ఉంది. సుగుణ నా మొహంలోకి చూసి, "ఇప్పుడు సంతోషమా?" అంది.

చివాట్లు

ఆ వార్త నాకంటే ముందే బస్సెక్కి మదనపల్లె చేరింది. పెద్దయ్య రమ్మని కబురు చేశాడు. మధ్యాహ్నం పోయినా మెలకువగానే ఉన్నాడంటే సంగతి ఎంత ముదిరిందో నాకు అర్థమైంది.

"సంఘం మొత్తాన్నీ బల్లకు దూరం సేసిన పాస్టరు మన జిల్లాలో నువ్వొక్కడివేరా" అన్నాడు. "ఆ మనిషి సేతిలో ఒక కట్టె ఉండె. నువ్వు దాన్ని లాక్కోని ఆయన్నే కొడితివి. కొట్టి, మల్లా ఆయన సేతికే ఇస్తివి. ఇప్పుడు ఆయన తనను తాను కొట్టుకుంటాండాడు."

"మరి ఏం చేయాలయ్యా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వూ అదే అడుగుతాండావే! పో, ఆకలైనోళ్లకు అన్నం పెట్టు. తప్పు తర్వాత నిరూపిద్దువు గాని."

ఈ మాట మీరు మీ గౌను లోపల కుట్టించుకోండి. వాదంలో గెలవడం మన ఉద్యోగం కాదు. సిగ్గుపడినవాడు ఇంకో నియమం పెట్టుకుంటాడే గాని కృప వైపు రాడు. దానియేలప్ప అదే చేశాడు. ఆదివారం పాలు మానేసి వరకాఫీకి దిగాడు. శుక్రవారం ఉపవాసానికి బుధవారం కూడా కలిపాడు. కొన్నాళ్లకు తన శిక్ష తీరిందని తానే తీర్పు చెప్పుకొని బల్లకు వచ్చాడు. మిగతావాళ్లు ఆయన వెనకే మెల్లగా తిరిగొచ్చారు. ఆయన మునుపటికంటే బాగా చిక్కిపోయాడు. సారమ్మ మాత్రం రాలేదు.

కొట్టంలో

తర్వాతి బల్ల ఆదివారం ఆరాధన ముగియగానే రొట్టె, గిన్నె సంచిలో పెట్టుకొని సారమ్మ కొట్టానికి పోయాను. ప్రసంగం తీసుకొని పోలేదు.

ఆమె పేడ ఎత్తుతోంది. సంచి చూసి అర్థం చేసుకొని బిగుసుకుపోయింది. "ఈడనా? ఇట్లనా? సేతులు సూడండయ్యా ఎట్లుండాయో!"

"కడుక్కో, నేను ఉంటాను."

కుండలో నీళ్లతో మోచేతుల దాకా కడుక్కుంది. రొట్టె చేతిలో పెట్టాను. నోట్లో వేసుకొని, కొట్టం గుంజ పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ పొట్టి ఆవు నా గౌను అంచు నమలడం మొదలుపెట్టింది. సారమ్మ ముక్కు చీదుకొని, "జరగండయ్యా, అది తంతాది" అంది. నా సేవలో అంత చక్కటి బల్ల ఆరాధన ఇంకొకటి జరగలేదు.

సాయంత్రానికల్లా దానియేలప్ప మా ఇంటి ముందు నిలబడ్డాడు. "ఏందయ్యా ఇది! ప్రభువు బల్లను పశువుల కొట్టంలోకి తీసకపోతివే!"

"ప్రభువు పుట్టింది యాడప్పా?" అన్నాను.

లోపల సుగుణ కిసుక్కుమనడం ఇద్దరికీ వినిపించింది. మరుసటి నెల సారమ్మ గుడిలోనే బల్లకు వచ్చింది, ఆయన అడ్డం చెప్పలేదు. అయితే ఆయన మారాడని అనుకోకండి. నా ప్రశ్నకు జవాబు దొరక్క ఊరుకున్నాడు, అంతే. నేను పుంగనూరు వదిలిన రోజున కూడా స్తంభం పక్కన నిలబడే నాకు వీడ్కోలు చెప్పాడు.

కుప్పం

రెండు వేల సంవత్సరం దాటాక నన్ను కుప్పానికి వేశారు. ఇంట్లో ఒక భాష, సంతలో ఒకటి, బస్సులో ఇంకొకటి మాట్లాడే ఊరది. ఒకరోజు దానియేలప్ప కూతురు గుడికి వచ్చి, "అయ్యా, నాయనకు పచ్చవాతం కొట్టింది. ఈడికే తెచ్చుకున్నా" అంది.

పోయి చూశాను. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మూతి ఒక పక్కకు పోయింది. మాట ముద్దగా వస్తోంది. ఎన్నడూ కూర్చోని మనిషి మంచానికి అతుక్కుపోయాడు. నన్ను చూసి లేవబోయాడు, చేతకాక ఏడ్చాడు.

బల్ల ఇస్తానన్నాను. వద్దన్నాడు. "నేనేం... సేసినానని... తీసుకునేదయ్యా? ప్రార్తన... సగంలో మర్సిపోతాండా. మోకాలు ఊనలేను. బాగయినాక... గుడికొచ్చి... తీసుకుంటా."

బాగుపడడని డాక్టరు కూతురితో చెప్పేశాడు. అది ఆయనకూ తెలుసనే నా అనుమానం. నెల నెలా పోయాను, నెల నెలా వద్దన్నాడు. నాకు తెలిసిన వేదాంతమంతా ఆ మంచం పక్కన గుమ్మరించాను. నాకైతే దిగులు పట్టుకుంది. పుంగనూరులో నేను అనుకున్న మాటే నిజమయ్యేట్టుంది, భయంతోనే పోయేట్టున్నాడు.

ఒక ఆదివారం ఆరాధన ముగించుకొని పోయేసరికి మంచం పక్కన సారమ్మ కూర్చొని ఉంది. తెల్లవారుజామునే పాలు పిండి, పలమనేరు మీదుగా రెండు బస్సులు మారి వచ్చిందట. నెయ్యి సీసా కూతురి చేతికిచ్చి, "ఏమప్పా, అయ్య తెచ్చింది తీసుకోవంట, యాల?" అని అడుగుతోంది.

"నేనేం సేసినాను... సారమ్మా?"

"ఏం సేసినావా? నన్ను గుడిలోనుంచి బయిటికి పంపిస్తివి. అది సేస్తివి."

కూతురు తల తిప్పుకుంది. దానియేలప్ప కంటి పక్క నుంచి నీళ్లు దిండు మీదికి జారాయి. "అవును" అన్నాడు. ఆ మాట మాత్రం ముద్దగా రాలేదు.

"మా అమ్మ పోయినప్పుడు కూడా నాకు లేకుండా సేస్తివి. నీమీద ఎంత మండేదో తెల్సా నాకు? పాలల్లో నీళ్లు కలిపి నీకే పోద్దామనుకుంటి. పోయలేదులే." చెంగుతో ఆయన కన్ను తుడిచింది. "అదంతా నేనెప్పుడో ఇడిసేస్తినప్పా. కొట్టంలో పేడసేతులతో ఉంటే అయ్య తెచ్చిచ్చినాడు, తీసుకుంటి. నేనేం సేసినానని ఇచ్చినాడు? ఏమీ లేదు. ఇప్పుడు నోరు తెరువు. ఒంటిగంట బస్సు పోతే మల్లా సాయంత్రమే. ఆవులు అరస్తా ఉంటాయి, పోయి పాలు పిండల్ల."

దానియేలప్ప ఆమె వైపు తల తిప్పాడు. మూతి ఇంకొంచెం పక్కకు పోయింది. "ఈ పొద్దు... ఆదివారం... కదా సారమ్మా?"

అది నవ్వని నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆయన వేళాకోళమాడడం నేను విన్నది అదే మొదటిసారి.

"అవును, ఆదివారమే. పిండుతా. తెరువు" అంది సారమ్మ.

తెరిచాడు. రొట్టె ముక్కను ద్రాక్షారసంలో తడిపి నాలుక మీద పెట్టాను. గడ్డం మీదికి కారినదాన్ని సారమ్మ తుడిచింది. ఆయన మింగి, నా వైపు చూశాడు.

"ఇంగ... నేనేం సేయల్లయ్యా?"

"ఏమీ చేయొద్దు."

"ఏమీనా?"

"ఏమీ వద్దు దానియేలప్పా."

"అట్లయితే... పండుకుంటా" అన్నాడు. ఆశీర్వాదానికి నేను చెయ్యెత్తేలోపల గుర్రు పెట్టాడు.

"ఆ దీవెన నాకియ్యండయ్యా, బస్సు పోతాది" అంది సారమ్మ చెప్పులు తొడుక్కుంటూ. గుమ్మంలోనే ఆమె తలమీద చెయ్యి పెట్టి ఇచ్చాను. సంచి చంకలో పెట్టుకొని బస్టాండు వైపు పరుగెత్తింది.

మరునాడు దానియేలప్ప కూతురు గుడి దగ్గర కనబడింది. పొద్దుగూకేదాకా నిద్రపోయాడంట. "లేసి, ఏమన్నా పెట్టమ్మా, ఆకలైతాందన్నాడయ్యా" అంది, చెబుతూ చెబుతూ ఏడ్చింది. "మా నాయన అడిగి తినేది నేను పుట్టినప్పటినుంచి సూడలేదు."